ఫైనల్ రోజున ఊరు విడిచే మనిషి

లాక్ క్వన్ వంతెన దిగగానే డ్రైవరు బస్సును రోడ్డు పక్కకు లాగి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఆట అయ్యేదాకా బండి కదలదు. తొందరున్నవాళ్ళు నడిచిపోవచ్చు," అని ప్రకటించాడు. ఎవరూ కోప్పడలేదు. ఆ సాయంత్రం ఉత్తర వియత్నాం మొత్తంలో కోపం రావలసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. వెనక సీట్లో, ఒళ్ళో జిగటన్నం పొట్లంతో కూర్చున్న ఖియెమ్.

"నాయనా, నన్ను బాక్ లాంగ్‌లో దింపేసి వచ్చి చూసుకోరాదూ?" అని బతిమాలాడు.

"ఉప్పుమళ్ళలో ఏముంది తాతా? ఉప్పెక్కడికీ పారిపోదు. ఆట పారిపోతుంది."

బస్సంతా పక్కనున్న ఫో నూడుల్స్ దుకాణంలోకి ఒలికిపోయింది. డిసెంబరు తుంపర పడుతోంది. గొడ్డుమాంసం పులుసు పెద్ద గంగాళంలో కుతకుతమంటోంది. గోడ మీద టీవీలో మలేసియాతో ఫుట్‌బాల్ ఫైనల్, దానికింద ముప్పై తలకాయలు. ఖియెమ్ మాత్రం చూరు కింద ప్లాస్టిక్ పీట వేసుకుని, టీవీకి వీపు పెట్టి, రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడు.

దుకాణం నడిపే థ్వా గరిటెతో సహా బయటికొచ్చింది. నలభై దాటిన మనిషి, గొంతు గంట.

"ఇదేంటి బాబాయ్, అలా తిరిగి కూర్చున్నావు? లోపల అప్పులవాడెవడైనా ఉన్నాడా?"

"నేను చూడకూడదమ్మా."

"డాక్టరు వద్దన్నాడా?"

"దేశం వద్దంది."

ఆమె పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. అప్పుడామె మరో పీట లాక్కుని కూర్చుంది.

ఆగ్నేయాసియా దేశాలు రెండేళ్ళకోసారి ఆడుకునే ఈ కప్పుకు సొంత పేరంటూ నిలిచింది లేదు. మొదట పులిబొమ్మ బీరు పేరు పెట్టుకుంది, తరవాత మోటారుబళ్ళ కంపెనీ పేరు. ఎవరు దత్తత తీసుకుంటే వాళ్ళ ఇంటిపేరు. అయినా మాకు ప్రపంచ కప్పు పక్కవీధి పెళ్ళి లాంటిది. వెళ్తాం, తింటాం, వస్తాం. ఇది మాత్రం మా ఇంటి పెళ్ళి. ఏడుపులూ, తిట్లూ, అలకలూ అన్నీ ఇక్కడే. పందేలను చట్టం ఒప్పుకోదు కానీ సందు ఒప్పుకుంటుంది. బలమైన జట్టు మీద కాసేవాడు అవతలివాడికి అరగోలు వదులుకోవాలి. భూమ్మీద ఇంతవరకు అరగోలు కొట్టిన ఆటగాడు పుట్టలేదు. ఆ పుట్టని గోలు కోసమే కప్పు వచ్చినప్పుడల్లా తాకట్టు కొట్ల ముందు మోటారుసైకిళ్ళు వరసలు కడుతుంటాయి. మనిషి లేనిదాని కోసం ఉన్నదాన్ని కుదువపెట్టడం ఫుట్‌బాల్‌తో మొదలైంది కాదులెండి, రాజ్యాలన్నీ అలాగే పోయాయి.

ఖియెమ్‌ది నామ్ దిన్ పట్నం, బట్టల మిల్లులో మగ్గం పని. తొంభై ఎనిమిదిలో హనోయ్‌లో ఫైనల్ పడింది, ఎదుట సింగపూర్. కప్పు మనదేనని దేశం ముందే తీర్మానించుకుంది. సందులో పందేలు పట్టే క్వియెన్ ఇంట్లో పెద్ద టీవీ ఉండేది. సందంతా వియత్నాం మీదే కాసింది. ఖియెమ్ షిఫ్టు దిగి, ఒంటినిండా దూది నూగుతో రెండో సగంలో వచ్చి, జనం మోకాళ్ళ మధ్య కాస్త చోటు చేసుకుని కూర్చున్నాడు. కూర్చున్నాడో లేదో, బంతి సింగపూర్ ఆటగాడి వీపుకు తగిలి లోపల పడింది. వీపుకు! కాలితో కొట్టిన గోలైతే కొట్టినవాణ్ణి తిట్టుకోవచ్చు. వీపుకు కళ్ళుండవు కాబట్టి తప్పు ఇంకెవరిదో అయ్యుండాలి. అందరి డబ్బూ తన పెట్టెలో చేరిన క్వియెన్, అందరి చూపులూ తన మీదికి తిరక్కముందే వేలు చూపించాడు.

"ఖియెమ్ రావడమేంటి, గోలు పడటమేంటి! వీడి వియా బరువురా!"

వియా అంటే మనిషి వెంట తిరిగే ప్రాణఛాయ. అది బరువైనవాడు ఎదురైతే బోణీ చెడుతుంది, పడవ తిరగబడుతుంది, పెళ్ళి వెనక్కు పోతుంది. ఆ ఏడాది నుంచి కొత్త సంవత్సరపు టెట్ పండుగ మొదటి రోజున, శుభం కోసం తమ గడప ముందుగా తొక్కమని ఎవరూ ఖియెమ్‌ను పిలవలేదు. పెద్ద ఆట ఉందంటే సందువాళ్ళే పొట్లం కట్టి, బస్సెక్కించి, ఉప్పుమళ్ళకు పంపేవారు. అక్కడ తెలిసినవాడి గుడిసె ఉంది, కరెంటు లేదు. అతను వెళ్ళినా జట్టు ఓడితే, "దార్లో ఎక్కడో రేడియో విన్నాడు" అనేవారు.

రెండువేల ఎనిమిదిలో మళ్ళీ ఫైనల్ వచ్చింది. భార్య న్యాన్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "నా పక్కన కూర్చుని చూడు. ఓడితే ఓడనీ," అంది. అతను విడిపించుకుని బస్సెక్కాడు. ఆ రాత్రి ఆఖరి నిమిషంలో తలతో కొట్టిన గోలుతో కప్పు వచ్చింది. తిరిగొచ్చిన ఖియెమ్‌ను క్వియెన్ కౌగలించుకున్నాడు. "నువ్వు లేకపోబట్టే గెలిచాం!" అన్నాడు. జన్మలో అతనికి దక్కిన పెద్ద మెప్పు అది. జట్టు కోసం తనూ ఒక పని చేస్తున్నానని ఆ రోజు నుంచి నమ్మాడు. ఆ పని దూరంగా ఉండటం. న్యాన్ మాత్రం వంటింట్లో ఎగిరి ఎగిరి ఆ గోలును నెలల తరబడి అతనికి చూపించింది. మరుసటి వానాకాలంలో పోయింది.

ఇదంతా అతను చెప్పలేదు, సగమే చెప్పాడు. మిగతా సగం థ్వాకు అర్థమైనట్టే ఉంది. ఇంతలో లోపల పైకప్పు ఎగిరిపోయేంత కేక. వియత్నాం అప్పుడే గోలు కొట్టింది.

"చూశావా?" అన్నాడు ఖియెమ్, మొహం వెలిగించుకుని. "నేను చూడలేదు కాబట్టే."

"నాతో పందెం కడతావా బాబాయ్? నాది తేలిక వియా. ఊళ్ళో ఎవరు కొత్త కొట్టు పెట్టినా తెల్లారి నన్నే పిలుస్తారు. నా పక్కన కూర్చుని ఆఖరిదాకా చూడు. మనవాళ్ళు ఓడితే నువ్వు బతికినన్నాళ్ళూ ఫో ఊరికే పెడతా. గెలిస్తే, టెట్ నాడు మా గడప మొదట తొక్కేది నువ్వే."

గుమ్మంలో డ్రైవరు అడ్డం పడ్డాడు. "అక్కా, నీకు పుణ్యముంటుంది, ఆయన్ని బయటే ఉండనీ! నేను రెండు కొత్త టైర్లు కాసి కూర్చున్నాను!"

"టైర్లు పోతే చక్రాల మీద పోదువులే. నా కొట్లో ఎవరు కూర్చోవాలో నా గరిటె చెబుతుంది. జరుగు!"

ఆమె ఖియెమ్ చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. అలా పట్టుకునేవాళ్ళు లేక చాలాకాలమైంది. అతను విడిపించుకోలేకపోయాడు.

తెర మీద పచ్చదనం చూడగానే అతనికి కళ్ళు తిరిగాయి. మలేసియావాళ్ళు ముందుకొచ్చిన ప్రతిసారీ రెప్పలు మూసుకునేవాడు. థ్వా అతని మోకాలి మీద ఒక్కటేసేది. "కళ్ళు మూస్తే పందెం చెల్లదు!" అనేది. డ్రైవరు వెదురు హుక్కా పీలుస్తూ ఆటను ఒక కంట, ఖియెమ్‌ను ఒక కంట కనిపెట్టి చూశాడు. ఒక బంతి గోలు వైపు దూసుకొచ్చింది. ఈసారి ఖియెమ్ రెప్ప వెయ్యలేదు. గోల్‌కీపరు పడుకుని దాన్ని ఆపాడు. మళ్ళీ ఆడారు, మళ్ళీ ఆపారు. చివరికి ఈల మోగింది.

కప్పు వియత్నాందే.

బెంచీలు తిరగబడ్డాయి. డ్రైవరు ఖియెమ్ తలను రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టాడు. "తాతా, నీ పాదం బంగారం!" అన్నాడు. గంగాళం మూత ఊడబీకి గరిటెతో వాయిస్తూ థ్వా రోడ్డెక్కింది. ఎర్రజెండాలు కట్టిన బళ్ళు అప్పటికే వంతెన మీద మొదలయ్యాయి.

"ఓడిపోయావు బాబాయ్! టెట్‌కు రావాలి! మాట తప్పావో, నామ్ దిన్ వచ్చి లాక్కొస్తా!"

ఖియెమ్ కూర్చున్నచోటే ఉన్నాడు. తను చూస్తుండగా గెలిచారు. అంటే ఆనాడూ గెలిచేవాళ్ళే. ఆ తలతో కొట్టిన బంతి, తను న్యాన్ పక్కన కూర్చుని ఉన్నా అలాగే లోపల పడేది. ఆమె ఎగిరేది, తన భుజం పట్టుకుని ఎగిరేది. తను ఆ రాత్రి చీకట్లో, ఉప్పు గుడిసెలో, దేశం కోసమని మేలుకుని కూర్చున్నాడు. దేశానికి ఆ సంగతే పట్టలేదు. ఇరవై ఏళ్ళుగా అతన్ని బరువైనవాడన్నారు. ఇప్పుడు చూస్తే అతనికి ఏ బరువూ లేదు, చెడ్డదీ లేదు, మంచిదీ లేదు.

అతను లేచి, గిన్నెలు కడిగే తొట్ల పక్కనుంచి వెనకదారిన బయటపడ్డాడు. బస్సు వైపు చూడలేదు. ఉప్పుమళ్ళ దిక్కుకూ తిరగలేదు. వచ్చిన దారినే, ఇంటి వైపుకు, జెండాల బళ్ళకు ఎదురుగా వంతెన మీదికి నడిచాడు. "గెలిచాం తాతా!" అంటూ కుర్రాళ్ళు బళ్ళ మీంచి అరచేతులు చాపుతున్నారు. ఒకటి రెండు చేతుల్ని అతనూ చరిచాడు. కింద థ్వా మూత వాయిస్తూ, పాడుతూ, ఎవరెవరినో పేర్లు పెట్టి పిలుస్తోంది. వెళ్తున్నానని ఖియెమ్ ఎవరికీ చెప్పలేదు.