పటేలు రెసిస్టెన్సు పవరు

మేడ్చల్ రోడ్డు మీద ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో చాలా ఏళ్లు పనిచేశాను. మైక్రోబయాలజీతో బీఎస్సీ చదివి, ఆపైన డిప్లొమా కూడా చేసినదాన్ని. అయినా వార్డులో నా పేరు ‘రక్తం గుంజే మేడం’. నేను తీసుకునేది రక్తం ఒక్కటే కాదు, చీము, కఫం, మూత్రం కూడా నా శాఖే అని మొదట్లో వాదించేదాన్ని. గెలిచినా లాభం లేకపోయింది. యాప్రాల్‌లో మా ఇంట్లో ఆ గెలుపు చెప్పుకుందామని నోరు తెరిస్తే చాలు, మా అత్తగారు అన్నం కంచం పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయేది.

నా అసలు పని చెప్తాను. పుండు మానని మనిషి చీము తెచ్చి ప్లేటులో పెంచేదాన్ని. అందులోని సూక్ష్మక్రిమి, మా వాడుకలో పురుగు, మొలిచాక దాన్ని ఇంకో ప్లేటు నిండా పూసి, పైన మందు బిళ్లలు పెట్టేదాన్ని. మందంటే గోలీ కాదు, బొట్టుబిళ్లంత కాగితం ముక్క. ఒక్కో ముక్కకు ఒక్కో మందు పట్టించి ఉంటుంది. మర్నాడు చూస్తే, పనిచేసే మందు చుట్టూ పురుగు చచ్చి ఖాళీ వలయం ఉంటుంది. పనిచేయని మందు అంచుదాకా పురుగు హాయిగా పెరిగి ఉంటుంది. వలయాన్ని స్కేలుతో కొలిచి, పనిచేస్తే ‘సెన్సిటివ్’ అనీ, చేయకపోతే ‘రెసిస్టెంట్’ అనీ రాసేదాన్ని. నా దృష్టిలో ఇంతకంటే తేటగా ఎవరూ రాయలేరు.

అయితే రెసిస్టెన్స్ అనే మాట మా వైపు ఇంగ్లీషు ముక్క రాని వాళ్లకు కూడా వచ్చు. “మా పిల్లగానికి రెసిస్టెన్స్ పవర్ తక్కువున్నది డాక్టర్ సాబ్, టానిక్ రాయున్రి” అంటారు. “మా నాయినకు రెసిస్టెన్స్ పవర్ మస్తుండె, జొరమన్నదే ఎరుగడు” అని చెప్పుకుంటారు. అది మనిషికి ఉండాల్సిన ఆస్తి. ఎంతుంటే అంత గొప్ప.

ఆ ఆస్తి తనకు దండిగా ఉందని అత్వెల్లి ఊరి పటేలు ఒకాయన మా వార్డులో చాటింపు వేశాడు. అప్పుడప్పుడే అటువైపు చేన్లు ప్లాట్లవుతున్నాయి. ఈయన దగ్గరుండి హద్దురాళ్లు పాతిస్తుంటే ఒక రాయి కాలి మీద పడింది. చిన్న దెబ్బే. కానీ ఒంట్లో షుగర్ ఉంది, దాన్ని లెక్కచేయని గుణం అంతకంటే ఎక్కువ ఉంది. మా దగ్గరికి వచ్చేసరికి చిటికెన వేలు నల్లబడి పాదమంతా ఉబ్బింది. సర్జన్ గారు దాచకుండా చెప్పేశారు: సరైన మందు పడకపోతే పాదం తీసేయాల్సి వస్తుంది.

నా రిపోర్టు వెళ్లింది. ఒక్క ఇంజెక్షన్ తప్ప అన్నీ రెసిస్టెంట్. డాక్టరు ఆ ఒక్కటే రాశారు. కాసేపటికి వార్డు నర్సు ల్యాబుకు ఫోను చేసింది.

“మేడం, పటేలు సూది వద్దంటుండు. మీ రిపోర్టే సూపిస్తుండు. డాక్టర్లంత థియేటర్ల ఉన్నరు. జర మీరే రాండ్రి.”

వెళ్లాను. పటేలు దిండ్లకు ఆనుకుని, దర్బారు నడుపుతున్నట్టు కూర్చున్నాడు. చేతిలో నా రిపోర్టు. పక్కన స్టూలు మీద ఆయన భార్య బత్తాయి వలుస్తోంది.

“రా డాక్టరమ్మా. నువ్వే రాసినవు గదా గిది? గీడ ఏమున్నది? రెసిస్టెంట్. గీడ? రెసిస్టెంట్. ఇంటర్ సదివిన, నాకూ ఇంగ్లీషొస్తది. అన్నిట్ల నాకు రెసిస్టెన్సే! మా బాపు నెయ్యి తాగిచ్చి పెంచిండు మరి.”

పక్క మంచం ఆయన మెడ చాచి, “మాకు గంత లేకపాయె” అని నిట్టూర్చాడు.

“సరే పటేలా. మరి సూది ఎందుకొద్దు?”

“గదొక్కటే సెన్సిటివ్ అని నువ్వే రాసినవు గదా. పోయినేడు వంకాయ తింటె ఒళ్లంత దద్దులొచ్చినయి. గప్పుడు డాక్టర్ సాబ్ గిదే మాటన్నడు, వంకాయ నీకు సెన్సిటివ్, పడదని. ఇన్ని మందులుండంగ, పడనిదాన్నే ఏరి పొడుస్తరా? నన్ను సంపుదామనా?”

నా రిపోర్టును నేనే తీసుకుని మళ్లీ చదివాను. ఈ సంగతి మా ఇంట్లో చెప్తే ఎవరూ నమ్మరు. ఆయన లెక్కలో తప్పెక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. రెసిస్టెన్స్ ఎవరిదో, సెన్సిటివ్ ఎవరో నా రిపోర్టులో ఎక్కడా లేదు మరి.

“పటేలా, ఆ రెసిస్టెన్స్ నీది కాదు. నీ కాల్లో ఉన్న పురుగుది.”

“నా కాల్లున్నది నాది గాక ఇంకెవరిదైతది?”

“నువ్వు ఊళ్లో ఆరెంపీ దగ్గర గోలీలు మింగినవా?”

“మింగిన. రెండు దినాలల్ల నొప్పి తగ్గింది, బంద్ పెట్టిన.”

“మళ్లీ లేచినప్పుడు?”

“ఇంకో రంగు గోలీ.”

“అదీ రెండు దినాలే?”

దీనికి భార్య పలికింది. “రెండు దినాలు గూడ గాదమ్మా. మింగుమని నేనంటె, పురుగును సగం సంపి ఇడిసిపెట్టిన, మిగిలింది అదే సస్తదన్నడు.”

“మిగిలింది చావలేదమ్మా. మెత్తవి చచ్చి మొండివి బతికినయి. అవే సంసారం పెట్టి పిల్లల్ని కన్నయి. ఒక్కో మందు రుచి చూపించి మీ ఆయనే వాటిని సాకిండు.”

పటేలుకు కోపం వచ్చింది. “మాటలు మస్తు జెప్తవు. సూపియ్యి మరి!”

“చూపిస్త. కుర్చీలో కూసో.”

ప్లేటును వార్డులోకి తేవడానికి లేదు. మనిషిని ల్యాబులోకి రానివ్వడానికీ లేదు. అందుకని చక్రాల కుర్చీని నర్సు చేత ల్యాబు అద్దాల కిటికీ దాకా తోయించి, మూతకు టేపు వేసిన ప్లేటును లోపలినుంచి ట్యూబులైటు వెలుగులో పట్టుకున్నాను. ప్లేటంతా పచ్చగా, చల్లారిన గంజి మీద కట్టిన మీగడలా ఉంది. కిటికీ కింది కంతలోంచి వివరం చెప్పాను. ఈ పచ్చటిది నీ పురుగు, ఈ బొట్టుబిళ్లలు మందులు అని.

ఆయన అద్దానికి ముక్కు ఆనించి, లేఔట్ నక్షా చూసినంత శ్రద్ధగా చూశాడు. బిళ్ల తర్వాత బిళ్లను వేలితో చూపించుకుంటూ పోయాడు.

“గీ బిళ్లల అంచుదాంక వచ్చి కూసున్నది. అన్నిట్లనూ కబ్జా పెట్టింది.”

“పెట్టింది.”

“గీ ఒక్క బిళ్ల సుట్టు జాగ ఖాళీగున్నది.”

“అక్కడ దాని ఆటలు సాగలేదు. అదే నువ్వు వద్దంటున్న సూది. అది పడనిది నీకు కాదు, పురుగుకు.”

ఆ ఖాళీ జాగ చుట్టూ అద్దం మీద వేలితో గీశాడు. తర్వాత చిన్న గొంతుతో అడిగాడు. “అంటె గా రెసిస్టెన్స్... జరంత గూడ నాది గాదా?”

“జరంత కూడా కాదు పటేలా.”

వెంట వచ్చిన ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పొద్దుగాల సంది సెల్లుల సుట్టాలందరికి జెప్పుకున్నడమ్మా! మళ్లొకసారి అందరికి చెయ్యాలె ఇగ.”

“నువ్వు ఊకో. ఎవల జాగల ఎవలొచ్చి కూసున్నరో నాకు జెప్పాల్నా?” అని ఆమె మీద కసిరి, నర్సు వైపు చెయ్యి చాపాడు. “సూది దే. జల్దీ పొడు.”

అంత ధీమాగా వాదించానా, తర్వాత నాకే గుబులు పట్టుకుంది. ప్లేటుకు షుగర్ ఉండదు. దాని రక్తనాళాలు మూసుకుపోవు. అక్కడ పనిచేసిన మందు కాల్లోనూ పనిచేయాలని రాతేమీ లేదు. నల్లబడిన వేలును సర్జన్ గారు మర్నాడే తీసేశారు. మిగతా పాదం ఆ సూది మీదే ఆధారపడింది. ఆ పురుగుకు ద్రాక్షపళ్ల లాంటి తియ్యటి వాసన ఉంటుంది. డ్రెస్సింగ్ మార్చే వేళకు ఏదో పనున్నట్టు వార్డులోకి వెళ్లి, ఆ వాసన తగ్గిందా అని చూసేదాన్ని. నర్సు కనిపెట్టి, “రక్తం ఎవరిది గావాలె మేడం?” అని ఆటపట్టించేది.

ఆ గుబుల్లోనే మా ల్యాబు పెద్ద పాథాలజిస్టు సారుతో పేచీ పెట్టుకున్నాను, రిపోర్టు కింద తెలుగులో రెండు ముక్కలు వేద్దామని.

“రిపోర్టు డాక్టర్ కోసం మేడం, పేషెంట్ కోసం కాదు.”

“డాక్టరు చదివి మడిచి పెడతారు సార్. పేషెంటు వార్డంతటికీ చదివి వినిపిస్తాడు.”

చివరికి ఒప్పుకుని రబ్బరు స్టాంపు చేయించారు: ‘రెసిస్టెంట్ – ఈ మందుకు పురుగు చావదు. సెన్సిటివ్ – చస్తుంది.’ ‘సూక్ష్మక్రిమి’ అని ఉండాలని ఆయన, ‘పురుగు’ ఉండాలని నేను. పురుగే ఉంది.

వాసన పోయింది. వాపు దిగింది. కట్టు విప్పిన ఒక ఉదయం కొత్త చర్మం గులాబీరంగులో కనబడింది. సర్జన్ గారు పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇక దీని జోలికి రానక్కర్లేదు అన్నారు. పటేలు మాత్రం వేలు లేని చోటే చూస్తున్నాడు.

“గా వేలు గూడ ఉంటె మంచిగుండు.”

“ఉన్నన్ని దినాలు దానితోని ఏం పని జేసినవు?” అంది భార్య.

నర్సు రెక్క పట్టుకోబోతే వద్దన్నాడు. మంచం అంచుకు జరిగి, ముందు బాగున్న కాలు దించి, తర్వాత రెండోది నేల మీద ఆనించాడు. పళ్లు బిగించి నిలబడ్డాడు. ఆయన భార్య వంగి, ఆ పాదం పక్కన నేల మీద పడివున్న బత్తాయి తొక్క తీసేసింది.