రోడ్డు మీద కాయ ఎవరు పోశారు

మా అల్లుడు కోటేశు ఆ రోజు స్టీరింగు ముందు నిద్రపోలేదు. నిద్రపోయాడని పోలీసు స్టేషన్లో రాశారు. అది నమ్మి, గుంటూరు స్కూలు వాళ్ళు అతను నడిపే బస్సు తాళం తీసేసుకున్నారు. పిల్లల్ని ఎక్కించుకునేవాడు కునికితే ఎట్లా అన్నారు. కునకనివాణ్ణి కునికాడనడం అన్యాయం. దాన్ని సరిచేసేదాకా ఊరుకోకూడదనుకున్నాను. కానీ సరిచెయ్యాలంటే, జన్మలో నా నోటి వెంట రాకూడదనుకున్న మాట ఒకటి చెప్పాల్సి వచ్చింది.

దయ్యాల్నీ, గాలినీ నేనెన్నడూ నమ్మలేదు. ఐదో తరగతిలో బడి మానేసి, శనక్కాయల పొట్లాలు విప్పి ఆ కాగితాలు చదువుకుంటూ పెద్దవాణ్ణయ్యాను. మా మిరప చేను శ్మశానం పక్కనే. రాత్రిపూట కరెంటిచ్చే రోజుల్లో మోటారు వేసి ఆ గట్టు మీదే పడుకునేవాణ్ణి. ఊళ్ళో ఎవరికైనా పూనకం వస్తే, నన్ను చూడగానే అది దిగిపోతుందని జనం నవ్వుకునేవాళ్ళు. అలాంటివాణ్ణి చెబుతున్నాను, జరిగింది జరిగినట్టు.

దసరా సెలవులిచ్చారు. వానలు బాగా పడ్డాయి, భైరవకోనలో జలపాతం చూద్దామని మా మనవరాలు పట్టుబట్టింది. తెలిసినవాళ్ళ కారు అడిగి తీసుకున్నాం. కోటేశు నడుపుతున్నాడు, పక్కన నేను. వెనక మా ఆవిడ, మా అమ్మాయి పద్మ, మనవరాలు. కోటేశు మా అక్క కొడుకే, నా చేతుల మీద పెరిగినవాడు. అందుకే అల్లుడైనా నేను ఏరా అనే పిలుస్తాను.

దర్శిలో ఆగి ఇడ్లీ తిన్నాం, టీ తాగాం. ఎండ చురచురలాడుతోంది. దర్శి దాటాక, ఈ రోడ్డు గులకరాళ్ళ బాటగా ఉన్నప్పుడు మా నాన్న బండి తోలుకొచ్చిన సంగతి మొదలుపెట్టాను. కోటేశు నవ్వాడు.

"మామయ్యా, నీ సోది వింటే నాకే కాదు, కారుక్కూడా నిద్రొస్తుంది."

అందరం నవ్వాం. ఆ మాటే తర్వాత మా కొంప ముంచింది.

పొదిలి ఇంకా రాలేదు. ముందు రోడ్డు ఎత్తుకి ఎక్కి దిగుతుంది. అవతలి నుంచి ఏమొస్తోందో ఇవతలి వాళ్ళకి కనపడదు. ఆ ఎత్తు మీద, మా వైపు సగం రోడ్డంతా, నడిమి గీత కూడా దాటి, మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఎర్రగా, పల్చగా, చేత్తో నెరిపినట్టు. అంచుల వెంట రాళ్ళు పేర్చి ఉన్నాయి. మా ఊళ్ళల్లో కాయ కోతలప్పుడు రోడ్ల మీద ఎట్లా పోస్తామో అట్లాగే.

ఈ సంగతి బయటివాళ్ళకి చెబితే తప్ప తెలియదు. కల్లం చాలని రైతు తారు రోడ్డు మీద కాయ పోసుకుంటాడు. వెళ్ళేవాళ్ళు తిట్టుకుంటారు గానీ మా ప్రాంతంలో పుట్టినవాడెవడూ దాని మీద చక్రం పోనివ్వడు. పక్కకి దిగుతాడు, లేకపోతే ఆగుతాడు. ఇది ఎవరూ నేర్పరు. మా చేతులకీ కాళ్ళకీ అలవాటైపోయింది.

నేను "ఏరా, తొక్కమాక" అన్నాను. అప్పటికే కోటేశు చెయ్యి తిరిగింది. ఎదురు కనపడని చోట కుడికి పోలేడు గనక ఎడమ పక్క మట్టిలోకి దించాడు.

సరిగ్గా అప్పుడే ఎత్తు మీదకి లారీ వచ్చింది. ట్రాక్టరును దాటుతూ మా వైపు సగంలోకి వచ్చినట్టుంది, మేం చూసేసరికే అడ్డంగా తన వైపుకి లాగుతోంది. దాని వెనక మూల మా కారు వెనక భాగాన్ని కొట్టింది. కారు గిర్రున తిరిగి, కట్ట దిగి, పత్తి చేలో పక్కకి ఒరిగిపోయింది. నల్లరేగడి నానివుంది కాబట్టి మెత్తగా పట్టుకుంది. రాతి నేలయితే ఈ కథ చెప్పడానికి నేనుండను.

పద్మకి చెయ్యి విరిగింది. మిగతా వాళ్ళం గాజుపెంకుల గాట్లతో బయటపడ్డాం. మనవరాలు ఏడవను కూడా లేదు, నా పంచె పట్టుకుని నిలబడింది. వెనక కూర్చున్న పద్మకీ మనవరాలికీ ముందు రోడ్డు కనపడలేదు. మా ఆవిడ దర్శి దాటిన కాసేపటికే కళ్ళు మూసుకుంది, రోడ్డు చూడలేదు. ఆమెని పైకి లాగగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నన్నడిగింది, "ఇంత ఘాటేంటండీ, ఇక్కడ కాయ ఎక్కడ పోశారు?"

నేను గానీ కోటేశు గానీ అప్పటికి ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

కట్టెక్కి రోడ్డు మీదకి వెళ్ళాను. నల్లటి తారు, దాని మీద ఎండ. ఒక్క కాయ లేదు, ఒక్క గింజ లేదు, ఒక్క రాయి లేదు.

అక్కడ నిలబడ్డప్పుడు తట్టింది నాకు. ఇది దసరా. మిరప నాటి ఎన్నాళ్ళయిందని? మొక్క మోకాలెత్తు కూడా రాలేదు, ఇంకా పూత. కాయ ఎండబోసేది మాఘంలో, ఫాల్గుణంలో. బతుకంతా మిరపతో గడిపినవాణ్ణి, ఆ ఎర్రదనం చూసినప్పుడు ఆ మాటే గుర్తుకు రాలేదు.

స్టేషన్లో మాకంటే ముందు లారీ డ్రైవరు చెప్పి వెళ్ళిపోయాడు. కారు తూగుతూ తన మీదకి వచ్చిందని, డ్రైవరు కళ్ళు మూసుకునే ఉన్నాడని. అతని లెక్కలో మేం బతికింది అతను లాగినందువల్లే. మేం కాయ సంగతి చెప్పాం. ఎస్సై నవ్వాడు.

"దసరాకి కాయ ఎండబోశారా పెద్దాయనా? మాదీ పల్నాడేనండీ."

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నా చేనుని అడిగినా అదే అంటుంది. నాకు కోపం వచ్చింది దానికి కాదు. పద్మ పాపం విరిగిన చేత్తోనే, మేం నవ్వుకుంటూ వస్తున్నామని చెప్పడానికి కోటేశు అన్న నిద్ర మాట చెప్పింది. ఎస్సై పెన్ను అక్కడ ఆగింది. "ఆయనే నిద్రొస్తుందన్నాడన్నమాట" అని అంతవరకే రాసుకున్నాడు.

బస్సు పోయాక కోటేశు ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున్నే ఆ బస్సు మా ఊరి పిల్లల కోసం మా వీధిలోంచే పోయేది, కొత్త డ్రైవరుతో. కిటికీల్లోంచి పిల్లలు "కోటేశు అంకుల్" అని అరిచేవాళ్ళు. వాడు లోపలికి వెళ్ళిపోయేవాడు. ఒక రోజు భోజనం దగ్గర చెయ్యి ఆపి అన్నాడు.

"వదిలెయ్ మామయ్యా. నిజంగానే కునికానేమో. కలొచ్చిందేమో."

"మరి నేను? నీ కల నాకొచ్చిందా? మీ అత్తయ్య ముక్కుకి వచ్చిందా?"

వాడు కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. బస్సు పోతే ఇంకోటి దొరుకుతుంది. తన కళ్ళ మీద తనకి నమ్మకం పోయినవాడు ఏ బండీ నడపలేడు. అప్పుడు నిర్ణయించుకున్నాను, నిజం తేలేదాకా ఆగకూడదని.

పొదిలి బస్సెక్కి ఆ ఎత్తు దగ్గర దిగేవాణ్ణి. అక్కడి ఊళ్ళో అడిగాను. కోల్డ్ స్టోరేజీ సరుకు ఎవరైనా తెచ్చి ఆరబోశారా? లేదు. ఎర్ర పట్టా పరిచారా? లేదు. ఆయుధ పూజకి పగలగొట్టిన గుమ్మడికాయల కుంకుమ అనుకుందామన్నా, మేం వెళ్ళేనాటికి ఇంకా ఆయుధ పూజ రాలేదు. అక్కడి టీ కొట్టు అతనికి నేను మంచి కాలక్షేపం అయ్యాను.

"ఏం పెద్దాయనా, మళ్ళీ వచ్చావా? నీ కాయ ఇంకా ఎండలేదా?"

"ఎండేదాకా వస్తానయ్యా. నువ్వు టీలో నీళ్ళు తగ్గించు ముందు."

వెక్కిరించినా, ట్రాక్టరు ఎవరిదో చెప్పింది అతనే. ట్రాక్టరతను మంచివాడు, ఉన్నది చెప్పాడు. తనకి కాయ కనపడలేదు, చూపంతా పక్కనున్న లారీ మీదే ఉంది. అయితే ఒక మాట అన్నాడు. ఎత్తు పైకి రాకముందే, ఎదురుగా ఏ బండీ కనపడకముందే, లారీ తన ట్రాక్టరు ముక్కుకి అడ్డంగా వచ్చి పడిందట. ఎందుకట్లా లాగాడో ఇప్పటికీ అర్థం కాలేదన్నాడు.

అక్కడ నాకు దారి దొరికింది. మమ్మల్ని కాపాడటానికి లాగానన్నవాడు, మేం కనపడకముందే ఎట్లా లాగాడు?

లారీ డ్రైవరు ఫోనులో చిక్కలేదు. వాళ్ళ ఊరెళితే లోడుకు పోయాడన్నారు. నేను ఆగాను. కాయ సీజను వస్తే లారీ అన్నది గుంటూరు మిర్చి యార్డుకి రాకుండా ఎక్కడికి పోతుంది? ఫాల్గుణంలో యార్డు బయట లారీల వరసలో అతన్ని పట్టుకున్నాను. స్టీరింగు మీద చేతులేసుకుని కూర్చున్నాడు. చుట్టూ ఘాటు, తుమ్ములు, హమాలీల కేకలు.

"స్టేషన్లో చెప్పానుగా పెద్దాయనా, మళ్ళీ ఏంటి" అన్నాడు. నేను పోలేదు. పక్క తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాను.

ఒక్కటి మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పగలను. కాయ సంగతి అతని ముందు ఎన్నడూ ఎత్తలేదు. స్టేషన్లో మేం చెప్పేసరికి అతను లేడు. నేనడిగింది ఒకటే. "మా కారు కనపడకముందే ఎందుకు లాగావు? మీ ఓనరు మీదా నీ మీదా నాకు కక్ష లేదు. మా పిల్లవాడు తన కళ్ళని తనే నమ్మడం మానేశాడు. అందుకోసం అడుగుతున్నాను."

 ముందు బండి కదిలినా ఇతను కదల్లేదు. వెనకవాడు హారను కొడుతున్నాడు.

అతను చెప్పింది విన్నాక కూడా, ఆ ఎత్తు మీద ఆ రోజు ఏముందో నేను చెప్పలేను. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. నమ్మకపోయినా, చూడలేదని మాత్రం అనలేను. నాకు తెలిసిన చదువంతా తిరగేసినా దానికి జవాబు లేదు. అతని దగ్గర ఉన్న జవాబు మాత్రం ఇది. అన్నమాట అన్నట్టే రాస్తున్నాను.

"మీవాడు నిద్రపోలేదు పెద్దాయనా. రోడ్డు మీద కాయ పోసుంది, రాళ్ళు పెట్టి మరీ. తొక్కుతానేమోనని లాగేశాను. దిగి చూస్తే ఏమీ లేదు. ఆ మాట చెబితే తాగావంటారని మీవాడి మీద పెట్టాను. రేపు స్కూలుకి నేనే వస్తాను, స్టేషనుకీ వస్తాను, ఎవరడిగినా చెబుతాను. ఆ కాయ ఎవరు పోశారని మాత్రం నన్నడగమాకండి."