పోలింగ్ రోజు దోసెల పిన్ని

చిల్లకల్లు దగ్గర హైవే హోటల్లో నేను టీ మాస్టర్‌గా ఉన్నప్పుడు, నా పక్కన దోసెలు వేసే ఆవిణ్ణి అందరం పిన్ని అనేవాళ్లం. ఎవరితో మాట్లాడినా పెనం మీంచి చూపు తిప్పేది కాదు. ఆవిడ ఓటు పెనుగంచిప్రోలులో ఉంది.

పోలింగ్ రోజు, ఓటు కోసం హైదరాబాద్ నుంచి ఊళ్లకు వెళ్లేవాళ్లతో హోటల్ కిటకిటలాడింది.

“ఆటోలో ఎళ్లి ఓటేసొస్తానండి,” అని పిన్ని ఓనర్‌ని అడిగింది.

“రష్ తగ్గనీ పిన్నీ, ఎల్దువుగాని.”

రష్ తగ్గలేదు. మధ్యాహ్నం మళ్లీ అడిగితే అదే మాట. సాయంత్రం ఆరు దాటి పోలింగ్ ముగిసేసరికి, ఓట్లేసి తిరిగి వెళ్లేవాళ్లు దిగారు.

సిరా గుర్తున్న వేలితో ప్లేటు అందుకుంటూ ఒకావిడ, “మీరూ ఓటేశారాండీ?” అని నవ్వుతూ పలకరించింది.

“పొద్దుట్నుంచీ మీకే దోసెలేస్తన్నా కదమ్మా,” అంది పిన్ని.

బయట ఇంకో బస్సు ఆగింది.