మంగతాయారు ఆది జాకెట్టు

2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. ముందొచ్చిన అధిక శ్రావణంలో పెళ్ళిళ్ళు, పేరంటాలు ఏవీ పెట్టుకోరు కాబట్టి మా లేడీస్ టైలర్లకి అది ఈగలు తోలుకునే కాలం. కొత్తపేట బస్టాండు నుంచి లోపలికొచ్చే వీధిలో నాదొక గది షాపు. రెండు మిషన్లు, కటింగ్ టేబులు, బట్ట తొడిగి చూసుకునే తలకాయ లేని డమ్మీ బొమ్మ, మూలన ఒక తెర. రెండో మిషను మా ఆయనది. నాకు పని నేర్పింది ఆయనే. ఆయన పోయాక దాని మీద దుప్పటి కప్పి ఉంచేను గానీ అమ్మబుద్ధి కాలేదు. పొద్దుట షట్టరెత్తితే సాయంత్రం దించేదాకా నాతో మాట్లాడేది సీలింగు ఫ్యాను ఒక్కటే. అలాంటి రోజుల్లో వచ్చేరు సత్తిబాబుగారు.

మా పని తెలియని వాళ్ళకి ఇక్కడొక మాట చెప్పాలి. జాకెట్టు కుట్టించుకునే ఆడవాళ్ళలో కొలతలు ఇచ్చేవాళ్ళు తక్కువ. ఒంటికి బాగా కుదిరిన పాత జాకెట్టొకటి తెచ్చి, "దీని ప్రకారం కుట్టెయ్యండి" అంటారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. మనిషి రాకపోయినా ఆది వస్తే చాలు, మా పని నడిచిపోతుంది. మంచి ఆది దొరికిన ఆడది దాన్ని బీరువాలో పట్టుచీరల పక్కన దాచుకుంటుంది. పుట్టింటికి వెళ్ళినా పట్టుకెళ్తుంది.

సత్తిబాబుగారు అలాగే ఒక ఆది, నీలం రంగు జాకెట్టు గుడ్డ తెచ్చి టేబులు మీద పెట్టేరు. యాభై దాటిన మనిషి. ఊరి బయట రొయ్యల చెరువులున్నాయి, ఇల్లూ వాటి పక్కనే. వాళ్ళావిడ మంగతాయారు ఎప్పుడో ఒకటి రెండుసార్లు నా దగ్గర కుట్టించుకున్నట్టు గుర్తు.

"ఎప్పటికి కావాలండీ?"

"తొందరగా అండి. అచ్చం దానిలాగే ఉండాలండి."

అచ్చం దానిలాగే కుట్టేను. పట్టుకెళ్ళేరు. నాలుగు రోజులు తిరక్కుండా అదే కవర్లో వెనక్కి తెచ్చేరు.

"కుదరలేదండి," అన్నారు నేల చూస్తూ.

నా నోరు మంచిది కాదని మా వీధంతా ఒప్పుకుంటుంది. ఆదిని, కొత్తదాన్ని ఒకదాని మీదొకటి పరిచి చూపించేను. "ఎక్కడ తేడా ఉందో చూపించండి సత్తిబాబుగారూ. దారమెత్తు తేడా ఉంటే నేను మిషను మూసేసి కూరగాయలమ్ముకుంటాను. ఆవిడ ఒళ్ళు చేస్తే ఆది మార్చుకోవాలి గానీ నన్నంటే ఎలాగండీ?"

ఆయన బయట చెప్పులు విడిచొచ్చి స్టూలు మీద కూర్చున్నారు.  నేనే తగ్గి మంచినీళ్ళిచ్చేను.

"మీ కుట్టులో తేడా లేదండి. మా ఇంట్లో ఆవిడకి కేన్సరండి. ఎడమవైపు తీసేసేరు."

 చేతిలో ఆది అలాగే ఉండిపోయింది.

మెల్లగా చెప్పుకొచ్చేరు. ఆపరేషనైంది, కీమో అయింది, జుట్టంతా పోయింది. ఇంక కరెంటు పెట్టించాలి. రేడియేషన్ని మా వైపు అలాగే అంటారు. దానికి రాజమండ్రి రోజూ వెళ్ళి రావాలి, కొన్ని వారాల పాటు. ఊళ్ళోంచి ఇంకా ఇద్దరు పేషెంట్లు వెళ్ళే వ్యానులో సీటు మాట్లాడేరు. డాక్టరు ఆలస్యం చెయ్యొద్దని గట్టిగా చెప్పేరు. మంగతాయారు మాత్రం కదలనంటోంది. ఇంట్లో నైటీ మీద ఆయన చొక్కా తొడుక్కుని తిరుగుతోంది. ఆ వేషంతో వ్యానెక్కి నలుగురి ముందు కూర్చోలేనంది. చీర కట్టుకుందామంటే ఒక్క జాకెట్టూ ఒంటిమీద నిలవడం లేదు.

"అంతా తెలిసి పాత ఆది ఎందుకు తెచ్చేరండీ?" అన్నాను.

"ఎప్పటిలాంటి జాకెట్టు చూస్తే సంతోషిస్తుందనుకున్నానండి." కవరు మడతపెడుతూ అన్నారు. "తొడుక్కుంది. ఎడంపక్క ఖాళీగా వేలాడిందంట. విప్పి నా చేతిలో పెట్టి, 'మీకు ఆ మంగతాయారే కావాలి కాబోలు' అంది. అప్పట్నుంచి మాటల్లేవండి."

ఖర్మ! మంచి చెయ్యబోతే చెడు ఎదురైందంటే ఇదే. తిట్టిన నోరు నాది. 

"నేను మీ ఇంటికొచ్చి కొలతలు తీసుకుంటాను, పదండి," అన్నాను.

"వద్దంటుందండి. ఏమీ అనుకోకండి. టైలరు చెవిన పడితే కొత్తపేటంతా మైకులో చెప్పినట్టేనంటుంది."

అనుకోకపోవడమేంటి, చురుక్కుమంది. కాకపోతే ఆవిడన్నదాంట్లో అబద్ధం లేదు. జాకెట్టు కోసం వచ్చి ఊరి కబుర్లన్నీ టేబులు మీద పోసి వెళ్ళేవాళ్ళే అందరూ. వినేదాన్ని నేనే కదా.

"అయితే కొలతలు మీరే తియ్యాలి," అన్నాను.

ఆయన స్టూలు మీంచి లేచిపోయేరు. "నేనాండీ? ఆవిడే కొలుచుకోవచ్చు కదండీ?"

"కుదరదండి. మిగతావి ఎలాగో పట్టుకున్నా, వీపు వెడల్పు ఎవరికి వాళ్ళు తీసుకోలేరు. చెయ్యి వెనక్కి పెడితే కొలత మారిపోతుంది. రెండో మనిషి ఉండాల్సిందే. ఈ పనిలో పుట్టి పెరిగినా అంతే."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆపరేషనైన దగ్గర్నుంచి ఆయన ఆవిడ ఒంటిని చూడనే లేదు.

"బట్టలు మార్చుకునేటప్పుడు గడియ పెట్టుకుంటుందండి. ఇన్నేళ్ళ కాపరంలో మా గది గడియ చప్పుడు నేనెప్పుడూ వినలేదు. కీమో రోజుల్లో ఇన్ఫెక్షనొస్తుందని అందరూ అంటే నేను చెరువు గట్టున కాపలా మకాంలో పడుకోడం మొదలెట్టేను. కీమో అయిపోయాక రమ్మంటుందేమోనని చూసేను. అనలేదండి. ఇంట్లో పడుకోనా అని నేనడుగుతానేమోనని ఆవిడ చూసిందంట. నేనడగలేదు."

"ఆవిడ ఇంట్లో, మీరు మకాంలో ఎదురుచూసుకుంటూ కూర్చున్నారన్నమాట. బాగుందండీ మీ సంసారం!" అన్నాను. వెక్కిరించినట్టే అన్నాను గానీ నా కళ్ళలో నీళ్ళు తిరిగేయి.

డమ్మీ దగ్గర నిలబెట్టి నేర్పేను. భుజం నుంచి భుజానికి ఎలా పట్టాలో, ఆర్మ్‌హోల్, అంటే చంక గుండ్రం, ఎక్కడ మొదలెట్టాలో, వీపు వెడల్పుకి టేపు ఎక్కడ ఆనాలో చూపించేను. ఆపరేషనైన వైపు చెయ్యి వాస్తుంటుంది కాబట్టి రెండు చేతులూ విడివిడిగా కొలవమన్నాను. గాటు ఉన్నవైపు గుండె మధ్య నుంచి పక్క కుట్టు దాకా ఒక కొలత తప్పనిసరి అన్నాను. ఆయన ముఖం పక్కకి తిప్పుకుని బొమ్మని కొలుస్తున్నారు.

"తలకాయ లేని బొమ్మకే ఇంత సిగ్గయితే ఎలాగండీ?"

"ఆయ్," అన్నారు. ఆ రోజు ఆయన నవ్వింది అక్కడొక్కచోటే.

టేపు ఇచ్చి పంపేను. మర్నాడొస్తారనుకున్నాను. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వీధిలో ఏ మోటార్సైకిల్ ఆగినా లేచి చూసేదాన్ని. ఆవిడ వ్యానెక్కకపోతే ఏమవుతుందో అన్న బెంగ ఒకటి. ఎవరో పెళ్ళాన్ని ఎవరో కొలిచేరా లేదా అని నేనిలా పడిగాపులు పడ్డం ఏంటన్న విసుగొకటి. సాయంత్రం షట్టరు దించుతుంటే ఇంటికి వెళ్ళాలనిపించేది కాదు. అక్కడా ఫ్యానే కదా.

వారం తిరగబోతుండగా వచ్చేరు. టేపు మడత కూడా విప్పకుండా తిరిగిచ్చేసేరు. కొలవలేదన్నమాట అనుకున్నాను. అప్పుడు చొక్కా జేబులోంచి వల అల్లే నైలాను తాళ్ళ ముక్కలు తీసి టేబులు మీద పరిచేరు.

"టేపు వద్దందండి. అంకెలెవరికీ తెలియకూడదంది. అందుకని తాడుతో పట్టి కోసేను. వల కన్ను సైజు తాడుతోనే చూసుకునే అలవాటు కదండీ మాకు. ఒక ముడేసింది భుజం, రెండు ముళ్ళది వీపు..." అని ఒక్కోటీ చెప్పుకొచ్చేరు. చివర్న ఒక చిన్న ముక్క మిగిలింది. దానికి ముడి లేదు.

"ఇది ఎడంవైపుదాండీ?"

"ఆయ్. దీనికే ఇన్ని రోజులు పట్టిందండి. ముందు మిగతావన్నీ పట్టనిచ్చింది, నైటీ మీంచే. ఇదొక్కటి వద్దంది. నిన్న తనే పిలిచి గడియ తీసింది. నేను ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస తనే పట్టుకుంది."

"ఏడ్చిందాండీ?" అన్నాను.

"లేదండి. నేనే."

ఆ తాళ్ళని మళ్ళీ టేపు మీద పెట్టి కొలవడానికి నాకు మనసొప్పలేదు. ఆ నీలంలోనే మరో గుడ్డ తీసి, తాళ్ళు తాళ్ళుగానే దాని మీద పెట్టి చాక్‌తో గీసేను. కుడివైపు డార్ట్ వేసేను. డార్ట్ అంటే ఎత్తుకి తగ్గట్టు గుడ్డ మడిచి వేసే కుట్టు. ఎడమవైపు వెయ్యలేదు. అక్కడ లైనింగులో ఒక జేబు పెట్టి, అందులోకి బూరుగు దూదితో మెత్త చేసేను. దూది తేలిక కాబట్టి పైకి పాకుతుంది, కింద పట్టీకి రెండు కుట్లు వేస్తే కదలదు. కరెంటు పెట్టినన్నాళ్ళు చర్మం కమిలిపోతుంది, ఒరుసుకోకూడదని నర్సు చెప్పిందంటే, లైనింగుకి కొత్త గుడ్డ వాడలేదు. ఉతికి ఉతికి వెన్నలా అయిన నా నేతచీరొకటి చింపేను. ఎడమ చెయ్యి వదులుగా, హుక్కులు ముందువైపు పెట్టేను. ఇంత జాగ్రత్తగా పెళ్ళికూతురి జాకెట్టు కూడా కుట్టలేదు.

పట్టుకెళ్ళేరు. మళ్ళీ వెనక్కి తేలేదు. సోమవారం పొద్దుట వీధి చివర వ్యాను వచ్చే వేళకి పనేమీ లేకపోయినా గుమ్మంలో నిలబడ్డాను. కిటికీ పక్క సీటులో మంగతాయారు, తలకి స్కార్ఫు, ఒంటిమీద తెల్ల చీర, నీలం జాకెట్టు. నన్ను చూసిందో లేదో తెలియదు. పక్కనే సత్తిబాబుగారు కేరేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వ్యాను మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చి మిషను ముందు కూర్చున్నాను.

తర్వాత నిజ శ్రావణం వచ్చింది, నాకు ఊపిరాడలేదు. దసరాలు కూడా వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం మంగతాయారు నా గుమ్మమెక్కింది. జుట్టు పసిపిల్లకి మొలిచినట్టు నల్లగా మొలిచింది. సత్తిబాబుగారు బయట బండి మీదే ఉండిపోయేరు.

"కరెంటు అన్నీ అయిపోయేయండి. ఇంక మూణ్ణెల్లకోసారి చూపించుకోమన్నారు," అంటూ సంచీలోంచి రెండు గుడ్డలు, వాటి మీద ఉతికి ఇస్త్రీ చేసిన ఆ నీలం జాకెట్టు తీసింది. "ఇకనుంచి నా ఆది ఇదేనండి."

పాత ఆది నా దగ్గరే ఉండిపోయింది కదా, తీసి ఇవ్వబోయేను. చేత్తో ఒకసారి నిమిరింది.

"బాగా కుదిరేది కదండీ ఇది. గుండెలు బాదుకుని ఏడిస్తే మాత్రం ఏమొస్తుంది. మీరే ఉంచుకోండి, మిషను తుడుచుకోడానికి పనికొస్తుంది."

కాసేపు కూర్చుంది. ఆయన మకాంలో పడుకున్నన్నాళ్ళు చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంటే, ఆయనా వింటున్నారు కదా అనుకుంటూ పడుకునేదాన్నని చెప్పింది. ఇప్పుడు చెరువు కాపలాకి మనిషిని పెట్టేరట. లేవబోతూ ఆగి నావైపు చూసింది.

"వీపు వెడల్పు ఎవరికి వాళ్ళు తీసుకోలేరని మా ఆయనతో అన్నారంట. మరి మీకెవరు తీస్తారండీ?"

"నాకు ఆది ఉందిలే అమ్మా," అని నవ్వేసేను.

అబద్ధం కాదు. ఉంది. పెళ్ళైన కొత్తలో మా ఆయన ఈ షాపులోనే, ఆ తెర వెనకాల, నన్ను కొలిచి కుట్టిన జాకెట్టది. ఆయన పోయినా నా జాకెట్లన్నీ దాని ప్రకారమే కుట్టుకుంటున్నాను. ఒళ్ళు సగమైంది. వీపు దగ్గర జాకెట్టు గుడారంలా నిలబడుతుంది. ఊరందరికీ సైడు కుట్లు బిగించే దాన్ని, నాది నాకు తెలియకేం, తెలుసు.

సత్తిబాబుగారు పాత ఆది తెచ్చేరని ఆ రోజు అంతలేసి మాటలన్నాను. మంగతాయారు వెళ్ళేక పని మొదలెట్టడానికి టేపు మెడలో వేసుకున్నాను. ఎందుకో తోచి దాని కొస పట్టుకుని చెయ్యి వెనక్కి పెట్టి చూసేను. రెండో కొస అందలేదు.