సంతకం పెట్టిన గ్లౌజులు

మైసూరు రోడ్డు అవతల, వృషభావతి నది ఒడ్డున ఉన్న రంగుల ఫ్యాక్టరీలో మా అమ్మ పన్నెండేళ్లు పనిచేసింది. బట్టకు రంగు వేసి చిక్కపేట అంగళ్లకు పంపే ఫ్యాక్టరీ అది. వేడి తొట్టిలోంచి బట్టను చేతులతో పైకి లాగడం ఆమె పని. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, కారం తగిలితే భరించలేక, అన్నం చెంచాతో తినేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, బడికి వచ్చినప్పుడు చేతులు కొంగులో పెట్టుకోమని ఆమెకు చెప్పాను. ఆ మాట అన్నది నేనే.

ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. పోయినేడు మా ఆఫీసులో కొందరు ఆదివారం పొద్దున పాడుబడ్డ కట్టడాలు చూడ్డానికి వెళ్తూ, నన్నూ రమ్మన్నారు. వాళ్లు పంపిన లొకేషన్ చూడగానే అదెక్కడో తెలిసిపోయింది. మా అమ్మ అక్కడ పనిచేసిందని ఎవరికీ చెప్పకుండానే వెళ్లాను.

వాచ్‌మన్ గేటు తీశాడు. కప్పు రేకులు సగం ఊడిపోయి ఉన్నాయి. వెనకగోడ కూలిన చోట నది కనిపిస్తోంది. నది అంటే నల్లగా కదిలే నురగే, ముక్కు మూసుకోవాల్సిన కంపు. మావాళ్లు తొట్ల అంచున ఎండిపోయిన రంగు చారల్ని ఫోటోలు తీస్తూ, "అబ్బ, ఏం కలర్స్!" అనుకుంటున్నారు. నేను పక్కకు తప్పుకుని సూపర్‌వైజర్ గదిలోకి వెళ్లాను.

అక్కడ ఒక ఇనుప బీరువా ఉంది. తుప్పుపట్టిన తలుపు లాగితే ఊడి చేతికొచ్చింది. లోపల అట్టపెట్టెలు. ఒకటి చింపాను. మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, జతజతగా ప్లాస్టిక్ కవర్లలో. ఒక్క కవరూ విప్పలేదు. రెండోది చింపాను, మూడోదీ చింపాను. అన్నిట్లోనూ అవే.

నా వెనకే వచ్చిన కొలీగ్ కెమెరా ఎత్తాడు. "సూపర్! ఒకటి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడవా, లైట్ బాగుంది."

"ముందు ఆ కెమెరా దించు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతను బిత్తరపోయాడు. అతనికేం తెలుసు పాపం అని ఇప్పుడు అనుకోగలను. ఆ క్షణాన అతన్ని కొట్టాలనిపించింది.

ఒక జత సంచిలో వేసుకుని తిన్నగా ఇంటికొచ్చి అమ్మ ముందు పెట్టాను. ఆమె కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు.

"ఇవా? ఇంకా ఉండాయా?" అంది. "ఇన్‌స్పెక్టరు వచ్చే దినం ఇస్తా ఉండ్రి. ఆయప్ప గేటు దాటినాడో లేదో, మళ్లీ పీక్కుంటా ఉండ్రి."

"మీరు అడగలేదా?"

"అడగకుండా ఉంటామా పాపా? అవి తొడుక్కుంటే బట్ట జారతాది, పని తొందరగా కాదు అనిరి. ముట్టినాయని సంతకం మాత్రం నెలనెలా పెట్టించుకుంటా ఉండ్రి."

తర్వాత తనే చెప్పింది. "ఒకతూరి ఒక జత చీర కుచ్చిళ్లలో పెట్టుకొని వస్తాంటే, గేటుకాడ తడిమి చూసే ఆయమ్మ పట్టుకునె. దొంగదని పేరు పెట్టి, అందరూ ఇండ్లకు పొయ్యేదాకా ఎండలో నిలబెట్టిరి."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"దొంగతనం చేసి పట్టుబడితినని కూతురికి చెప్పుకుంటారా?"

ఆమెను నిలబెట్టినవాళ్లమీదా, ఆ చేతుల్ని దాచుకోమన్న నామీదా ఒకేసారి కోపం వచ్చింది. ఎవర్ని తిట్టాలో తెలియక, గ్లౌజుల్ని గోడకేసి కొట్టాను. అమ్మ వాటిని తీసి దులిపింది.

"రేపు నన్ను ఆడికి పిల్చుకొని పో" అంది.

మర్నాడు సెలవు పెట్టాను. తనతో తొట్టి దగ్గర పనిచేసిన ఇద్దరు ఆడవాళ్లకు అమ్మ ఫోన్ చేసింది. వాళ్లూ వచ్చారు. మేం నలుగురం ఆ గదిలోకి వెళ్లి, తలో పెట్టె ఎత్తుకుని బయటికి నడిచాం. వాచ్‌మన్ పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు. ఇదంతా ఓనర్ల సామాను, ముట్టుకుంటే తన ఉద్యోగం పోతుందని కన్నడంలో గొడవపెట్టాడు.

అమ్మ పెట్టె దించలేదు. ఆయనకు కన్నడంలోనే జవాబు చెప్పింది. "సంతకం పెట్టి తీసుకున్న సామాను ఇది. నాది. ఇవాళ తీసుకుపోతున్నాను."

ఆయన దారివ్వలేదు. అమ్మ ఆయన పక్కనుంచి తప్పుకుని వెళ్లి, గేటు బయట ఆపి ఉంచిన ఆటో ఎక్కింది, పెట్టె ఒళ్లో పెట్టుకుంది. మిగతా ఇద్దరూ ఆమె పక్కన ఇరుక్కున్నారు, నేను డ్రైవరు సీటు అంచున కూర్చున్నాను. వాచ్‌మన్ ఆటో నంబరు రాసుకోసాగాడు.

అమ్మ తల బయటికి పెట్టి, మా ఇంటి అడ్రసు, వీధితో సహా, ఒక్కొక్క ముక్కా విడమరిచి చెప్పింది. ఆయన పూర్తిగా రాసుకునేదాకా ఆటోను కదలనివ్వలేదు.