జనాన్ని బట్టి సీట్లు

నిజాం జమానాలో మా కామారెడ్డి కుర్రాళ్ళకు దేశాన్ని బాగుచేయడం తప్ప వేరే పని ఉండేది కాదు. (పని దొరికినవాడు దేశాన్ని ఉన్నదున్నట్టు వదిలేసి నౌకరీకి పోయేవాడు.) సాయంత్రం రైలు వచ్చి పోయేదాకా స్టేషన్ బయట నిలబడి, ఇంకా పుట్టని జాతీయ శాసనసభలో ఎంతమంది కూర్చోవాలో తేల్చేవాళ్ళం. ఇంత జనమున్న దేశానికి లక్షమందికొక సభ్యుడా, పది లక్షలకొకడా? మాకెవరికీ ఓటు లేదు. ఓటు లేనివాడికే లెక్కలు ఎక్కువ. నేను 'ఎక్కువమంది ఉండాలి' అనే పక్షం. సిద్ధాంతమేమీ కాదు, స్థానాలు పెరిగితే నాలాంటివాడికీ ఒకటి దొరక్కపోదని ఆశ. నా స్నేహితుడు, దూరపు చుట్టమూ అయిన బక్కోడిది 'తక్కువమంది చాలు' పక్షం. వాడు తిండిలోనూ అంతే.

ఎల్లారెడ్డిలో కొత్తగా పఠనాలయం పెట్టినవాళ్ళు ఈ విషయం మీదే మా ఇద్దరినీ వాదనకు పిలిచారు. సభాధ్యక్షుడు మా మేనమామ. ఆయనకు పుస్తకాలతో పనిలేదు కానీ, కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య తిరిగే ఒకే ఒక్క బస్సు ఆయనది. అందువల్ల ఆ ఊళ్ళో ఏ సభకైనా ఆయనే అధ్యక్షుడు. ఆయన కూతురంటే నాకు ఇష్టం. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. బయలుదేరుతుంటే మా అమ్మ చెవిలో చెప్పింది: "నోరు పైలం కొడకా. పిల్లను నేనే అడిగిన. సభల నువ్వు మాట్లాడేది జూసి పిల్లనిచ్చుడా ఇయ్యకపోవుడా చెప్తనన్నడు మీ మామ. గీడ నవ్విచ్చినట్టు గాడ నవ్వియ్యకు."

బస్సు యజమాని మేనల్లుణ్ణి కాబట్టి డ్రైవరు పక్కన కూర్చుని, దారంతా ఉపన్యాసం వల్లించుకున్నాను. వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో తిట్టుకుంటున్నారు, ఒక మేక అరుస్తోంది. నా ధారకు భంగం కలుగుతోందని డ్రైవరుతో ఫిర్యాదు కూడా చేశాను. బక్కోడు ఎక్కడున్నాడో దిగాక గానీ తెలియలేదు. టాపు మీద, గడ్డిమోపుల మధ్య ఉన్నాడు.

ఆ రోజుల్లో సభ పెట్టాలంటే పోలీసు అమీను అనుమతి కావాలి. దిగగానే పఠనాలయం పెద్దమనిషి ఎదురొచ్చి మమ్మల్ని పక్కకు తీసుకుపోయాడు. "అమీన్ సాబు ఇజాజతైతే ఇచ్చిండు. గని 'జాతీయ', 'శాసనసభ' అన్న రెండు మాటలు కొట్టేసిండు. గవి మీ నోట రావొద్దు. జవాను ఎదురుంగనే కూసుంటడు. వచ్చినయంటే మీరు ఠాణాల, పఠనాలయానికి తాళం." ఆ రెండు మాటలూ పోగా మిగిలింది 'జనాన్ని బట్టి సీట్లు ఎన్ని ఉండాలి' అన్నది మాత్రమే. పొద్దున్నుంచీ డప్పు కొట్టి ఊరంతా చాటింపు వేసిందీ అదే. ఈ చాటింపు సంగతి మాకెవరూ చెప్పలేదు.

సభకు వచ్చిన జనాన్ని చూసి నాకు కళ్ళు తిరిగాయి. గోడల మీద, బండ్ల మీద, ఎక్కడ చూసినా మనుషులే. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు! ప్రజాస్వామ్యం కోసం ఎల్లారెడ్డికి ఇంత ఆకలి ఉందని ఎవరనుకున్నారు? మామ కుర్చీలో కూర్చుని, "మంచిగ సమజ్ జెయ్ అల్లుడా, వీండ్లు ఊకె లొల్లి వెడ్తున్నరు" అన్నాడు. నేను దాన్ని ఆశీర్వాదమనుకున్నాను.

మొదట బక్కోడు లేచాడు. "సీట్లు ఎక్కువైతే బరువెక్కువ. బరువెక్కువైతే బండి కదలదు. తక్కువమంది ఉండాలె, గని తూకమున్నోళ్ళుండాలె" అన్నాడు.

"తూకమున్నోళ్ళే గదరా ఒక్కొక్కడు రెండు సీట్లల్ల కూసునేది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నీదేం బోయింది, బక్కోనివి, యాడన్న ఇరుకుతవ్!" అని ఇంకొకరు.

పాపం, వాడు కూలబడ్డాడు. మామ ఒక్కడే తలూపుతూ, "పిలగాడు మంచిగ జెప్పిండు" అన్నాడు.

ఇక నేను. "తాతల నాడెప్పుడో పెట్టిన సీట్లు ఇన్నేండ్లకు గూడ గన్నేనా? జనం పెరిగితే సీట్లు పెరగొద్దా?" అన్నాను. చప్పట్లు. "కూసున్నోనికి నిలబడ్డోని కష్టం యాదికుంటదా?" అన్నాను. ఈలలు. ఒక అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా మాటకు ఒకరు ఏడవడం అదే మొదలు. (ఆఖరు కూడా.) ఆ కన్నీళ్ళు నా తలకెక్కాయి. బల్ల గుద్ది, "సీట్లన్ని గుప్పిట్ల వెట్టుకొని కులుకుతున్నోడెవడు? గాయిన్ని గీ సభలనే నిలదీయుండ్రి!" అన్నాను.

జనమంతా మామ వైపు తిరిగారు. అధ్యక్షుడి పట్ల గౌరవం కాబోలనుకున్నాను.

కళ్ళు తుడుచుకున్న అవ్వ ముందుకొచ్చి నా గడ్డం పట్టుకుంది. "సల్లగుండు బిడ్డా. ఇంతకు కొత్త మోటరు ఎప్పుడొస్తది?"

"ఏ మోటరవ్వా?"

"అగో, మీ మామ మోటరే! సీట్లు పెంచుమని నువ్వే గద అంటున్నవ్?"

అప్పుడు చూశాను మామ ముఖం. ఇంజను వేడెక్కినప్పుడు బస్సు ముందు భాగం అలాగే ఉండేది. "నా బస్సుల ముందల కూసోని వచ్చి, నా మొకం మీదనే గిట్లంటవార?" అన్నాడు.

"మామా, నేనన్నది గీ సీట్లు గావు..."

"మరి ఏ సీట్లు?"

జవాను బీడీ పారేసి తలెత్తాడు. ఒక్క మాట చెబితే పిల్ల దక్కుతుంది, పఠనాలయం పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. మాటల పోగునని పేరు మోసిన నేను నోరు తెరిచి, "ఏవో... సీట్లు" అన్నాను.

మామ ఇంటికెళ్ళాక, తలుపు వేసి, గుసగుసగా అంతా వివరించాను. మరదలు గడప దగ్గర నిలబడి, "నిజమే బాపూ, బావ చెప్పేది దేశం సంగతి" అంది. మామ చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. "అంటే గాడ గూడ సీట్లు పెంచుమనేటోనివే గదా? దేశం సొమ్మైనా నా సొమ్మైనా నీది ఒక్కటే బుద్ధి. గా బక్క పిలగాన్ని జూడు, పొదుపు తెల్సినోడు" అన్నాడు. మరదలు నవ్వబోయి ఆపుకుంది. నాకోసం ఆపుకుందని ఇప్పటికీ అనుకుంటాను.

ఊరివాళ్ళ పోరు పడలేక మామ ఆ నెలలోనే బస్సులో వెనకవైపు ఒక పొడుగాటి చెక్క వేయించాడు. తర్వాత దేశానికి నిజంగానే శాసనసభలు వచ్చాయి, ఎంత జనానికి ఎన్ని స్థానాలో పెద్దపెద్దవాళ్ళు వాదించుకున్నారు. నా వాదన వల్ల ఈ భూమ్మీద పెరిగింది మాత్రం ఆ చెక్క ఒక్కటే.

ఆ ఎండాకాలమే మరదలికీ బక్కోడికీ పెళ్ళి. మగపెళ్ళివారిని కామారెడ్డి నుంచి తీసుకుపోవడానికి మామ తన బస్సే పంపాడు. ముందు, డ్రైవరు పక్కన, పెళ్ళికొడుకు. నేను వెనక చెక్క మీద. నేను పోరాడి తెచ్చిన సీట్లో కూర్చుని, నాకు కావలసిన పిల్ల పెళ్ళికి వెళ్ళాను. చెక్క గట్టిదే. ఒక మేకు మాత్రం సరిగ్గా దిగలేదు. మేకు గుచ్చుకుని కదిలినప్పుడల్లా పక్కనున్న ముసలాయన, "జర జరుగు బిడ్డా, ఇంకొకలకు జాగైతది" అనేవాడు. జరిగాను. కాదనడానికి నాకు నోరెక్కడిది?