గోవింద్ సేట్ ఫోన్ నేర్చుకున్నది

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా వెనుక గల్లీ పిల్ల మాన్య చిన్నప్పటి నుంచీ తక్కువ మాటల మనిషి. తిట్టినా తిరిగి ఒక్క మాట అనదు. మరిచిపోయిందిలే అనుకుంటాం. అదే పొరపాటు.

వాళ్ల నాన్న రామలింగానిది ముత్యాల దుకాణం. నల్లగుడ్డ మీద పరిచి, చూపుతోనే రకాలు విడదీసేవాడు. పక్క దుకాణం గోవింద్ సేట్ ఒకనాడు "రామలింగం నకిలీ కలుపుతుండు" అని బజారులో ఒక మాట వదిలాడు. గిరాకీ ఆగింది, షట్టర్ పడింది. రామలింగం మలక్‌పేటలో ఒక గోదాములో పనికి కుదిరి, మళ్లీ ముత్యం ముట్టకుండానే పోయాడు.

కూతురు కంప్యూటర్లు చదివింది. మొన్నీమధ్య ముత్యాల వర్తకుల సంఘం ముందు నిలబడి, ముత్యం ఏ రకమో ఫోనే చెప్పేలా చేస్తానంది. ఎవరి ముత్యాలను వాళ్లు ఫొటో తీసి, ఏది ఏ రకమో ఫోన్‌కు నేర్పాలట. అయితే ఒకరి సరుకు ఒకరికి చూపడానికి ఎవరొప్పుకుంటారు?

"మీ సరుకు మీ దగ్గరనే, మీ ఫొటోలు మీ ఫోన్లనే ఉంటయి. ఫోన్ నేర్చుకున్నది మాత్రమే బయటికొస్తది. అందరిదీ కలిపి మళ్ల మీకే పంపుత" అంది మాన్య.

"ఈ గల్లీల నెట్టే సక్కగ రాదు. రోజంత పంపుకుంట కూసుంటే ఖర్చెవడిస్తడమ్మా?" అన్నాడు గోవింద్ సేట్.

"చిన్న మార్పులు పంపం కాకా. ఫోన్లనే కూడబెడ్తం. కుప్ప పెద్దగైనంకనే ఒక్కసారి పోతది."

అందరికీ నచ్చింది. సేట్‌కు మరీ నచ్చింది. రోజూ కొన్ని రెండో రకం ముత్యాలను మొదటి రకమని తన ఫోన్‌కు నేర్పాడు. అందరి తెలివిలో అది చల్లగా కలిసిపోయి, తన రెండో రకాన్ని అందరి ఫోన్లూ మొదటి రకమంటాయని ఆశ.

అబద్ధాలు ఫోన్లోనే కూడుకుని, ఒకరోజు కుప్పగా బయటికొచ్చాయి. మిగతా దుకాణాలన్నీ ఒక దిక్కు, సేట్‌దొక్కటే ఇంకో దిక్కు. మాన్య దాన్ని కలపలేదు. సేట్ ఫోన్‌కు అందరి తెలివి పంపడమూ ఆపేసింది. ఆయనకు చెప్పలేదు.

"ఆయన కూడబెట్టింది ఆయనే తిననీ పెద్దబాపూ" అంది నాతో, నవ్వకుండా. రామలింగం నా దోస్తు. నేను వద్దనలేదు.

సేట్ కళ్లకు శుక్లాలు. పెళ్లిళ్ల ముందు, అందరి తెలివీ అందులో ఉందనుకుని, ఫోన్ మాట నమ్మి మస్తు సరుకు మొదటి రకమని కొన్నాడు. గిరాకులు సరుకు వాపస్ తెచ్చారు. గల్లీలో మళ్లీ ఆ మాటే లేచింది: "సేట్ నకిలీ కలుపుతుండంట."

సేట్ మాన్య గడప దగ్గరికొచ్చాడు. "ఫోన్ ఖరాబైంది బిడ్డా, జర సూడు."

"మంచిగనే ఉంది కాకా. మీరు నేర్పిందే చెప్తుంది. మా బాపు ముత్యాలు అసలైనవని చెప్పుండ్రి, సక్కజేస్త."

సేట్ తల వంచి ఏదో గొణిగాడు.

"ఇక్కడ కాదు. సంఘంల చెప్పుండ్రి."

ఆదివారం సంఘంలో సేట్ లేచాడు. "రామలింగం ముత్యాలు అసలైనవే. అబద్ధం నాది."

"వినబడలే సేట్ సాబ్!" అని వెనుక నుంచి ఎవరో పాన్ నములుతూ అరిచారు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

మాన్య మాట తప్పలేదు. అక్కడే ఫోన్ సరిచేసి చేతిలో పెట్టింది.

"మరి కొన్న సరుకు?" అన్నాడు సేట్.

"మీ సరుకు మీ దగ్గరనే ఉంటదని మొదటిరోజే చెప్పిన కద కాకా."